తలుపు తీసి వండిన ఉబ్బురొట్టె

శంకరవ్వ సిరిసిల్లలో ఉన్న పెద్దబిడ్డ గౌరి ఇంటికి వచ్చిందంటే మనవరాళ్లకు పండగే. ఆ ఇంట్లో గ్యాసు పొయ్యి ఉంది, కరెంటు ఓవెన్ ఉంది. శంకరవ్వ ఆ రెండింటి వైపూ చూడదు. పెరట్లో మూడు రాళ్లు పెట్టి, ఇనుప మూకుడు ఎక్కించి, మీద మట్టి చిప్ప బోర్లించి, ఆ చిప్ప మీద ఎర్రటి తుమ్మబొగ్గులు పేర్చుకుని, రొట్టె పొంగించడానికి మహారాణిలా కూర్చుంటుంది.

"గా డబ్బాల పెట్టరాదే అవ్వా, తొందరగైతది" అంటుంది గౌరి.

"గా డబ్బాల పొంగితె గొప్పేమున్నదే? దాని పనే గది. దీన్ల పొంగాలె!"

ఆ 'దీన్ల పొంగాలె' అన్నప్పుడు ఆమె మెడ ఎంత నిటారుగా లేస్తుందో చూసి తీరాలి! ఎందుకు లేవదు మరి? ఆ మూకుడులో మొదటిసారి రొట్టె పొంగిన పొద్దు సంగతి తెలిస్తే మీ మెడ కూడా లేస్తుంది.

అది డెబ్బై ఎనిమిదో సంవత్సరం. జగిత్యాల చుట్టుపక్కల ఊరూరా కూలీ సంఘాలు పుడుతున్న రోజులు. కోరుట్ల నుంచి ఇబ్రహీంపట్నం పోయే తోవలో ఉన్న శంకరవ్వ ఊళ్లో అప్పటికింకా దొర మాటే మాట. దొర ఉండే పెద్ద కోటలాంటి ఇంటిని గడి అనేవారు. ఊళ్లో ఎవరి కోడి పెట్టినా గుడ్డు మాత్రం గడిదే. ప్రతి ఐతారం, అంటే ఆదివారం, పొద్దున్నే గడి మనిషి బుచ్చయ్య గడ్డి పరిచిన గంప నెత్తిన పెట్టుకుని వచ్చి గడపగడపకూ గుడ్లు ఏరుకుని పోయేవాడు. ఊరికే! ఎవరైనా ఆశపడి ఇంట్లో ఒక గుడ్డు ఉడకబెట్టుకుంటే, పెంకులు బయట కనబడకుండా పొయ్యి బూడిదలో పూడ్చేవారు.

గుడ్లు ఇవ్వడమే కాదు, వంతులవారీగా గడిలో ఊరికే చాకిరీ కూడా చెయ్యాలి. శంకరవ్వ వంతుకు వచ్చిన పని, గడి వంటింటి వెనక కూర్చుని బొగ్గులు విసరడం. దొర అల్లుడు పట్నం మనిషి. ఆయన వచ్చినన్నాళ్లూ పొద్దుటి పూట ఒకటే ఫలహారం. పట్నం నుంచి తెచ్చిన వంటాయన గుడ్లు కొట్టి, పాలు, మైదా, చిటికెడు ఉప్పు వేసి నురగ తేలేదాకా గిలకొట్టేవాడు. నెయ్యి పొగలు కక్కుతున్న పెనంలో అది పోసి, ఇనుప పెట్టెలోకి నెట్టేవాడు. పెట్టె కింద నిప్పు, పెట్టె మీద నిప్పు. ఆ నిప్పు శంకరవ్వది. కాసేపటికి పెట్టె తలుపు తీస్తే, అబ్బ! గరిటెడు పిండి పెనం దాటి లేచి, అంచులు మడత పడి, బంగారు రంగు తలపాగా చుట్టినట్టు కనబడేది. బయటికి తీసిన మరుక్షణం నుంచి అది కుంగడం మొదలు. అందుకే దాన్ని పట్టుకుని లోపలికి ఉరికేవారు. శంకరవ్వకు కనబడేది ఉరికేవాళ్ల వీపు, అందేది వాసన.

ఒకరోజు అల్లుడుగారు నిద్ర లేవడం ఆలస్యమైంది. రొట్టె కుంగిపోయింది. వంటాయన మళ్లీ గుడ్లు కొట్టి ఇంకోటి చేశాడు. కుంగినదాన్ని తీసి గడి కుక్కకు వేశాడు. కుక్క తింటుంటే శంకరవ్వ విసనకర్ర పట్టుకుని చూసింది. ఇంట్లో తన ఇద్దరు ఆడపిల్లలు, గౌరీ పోశీ, గుడ్డు రుచి ఎరగరు.

ఇదిలా ఉండగా ఊళ్లో సంఘం పెట్టారు. మీటింగులో "కోడి ఇయ్యం, గుడ్డు ఇయ్యం, వెట్టి జెయ్యం" అని అందరూ చేతులెత్తారు. శంకరవ్వ భర్త ఐలయ్య కూడా ఎత్తాడు కానీ, ఆ చెయ్యి చెవి దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

ఇంటికి రాగానే మొదలుపెట్టాడు. "సంఘం నిన్నగాక మొన్నటిది. గడి మా తాతలనాటిది. రేపు సంఘపోళ్లు యాడుంటరో, మనం మాత్రం ఈడ్నే ఉంటం."

"అయితె?"

"అయితె ఏంది? రెండు గుడ్లకు దొరతోని పగ ఎందుకే?"

"రెండు గుడ్ల కోసమే దొర మనతోని పగ పడ్తడా? గంత లేనోడా?" అంది శంకరవ్వ.

అత్త లసుమవ్వ మూల నుంచి అందుకుంది. "ఇయ్యకపోతె ఏం జేస్తవే పిల్లా? కుండల మురగబెడ్తవా?"

"తింటమత్తా. తలుపు తీసి తింటం."

"తినేదుంటె ఉడకబెట్టి సప్పుడు జెయ్యక తినుండ్రి" అన్నాడు ఐలయ్య.

"సప్పుడు జెయ్యక తింటె అది దొంగతనమైతది. మన కోళ్లయి మనం తింటె దొంగతనమా? నేను ఉబ్బురొట్టె జేస్త. వాసన వాడకట్టంత పోవాలె!"

ఉబ్బురొట్టె. ఆ పేరు ఆమే పెట్టింది. వంటాయన దాన్ని ఏమనేవాడో ఆమెకు తెలియదు.

తవుడు కుండలో ఎనిమిది గుడ్లు దాచి ఉంచింది. శుక్రవారం రెండు తీసి ముందుగా చేసి చూసింది. నిప్పు సంగతి ఆమెకు బాగా తెలుసు కానీ, పిండి సంగతి వచ్చేసరికి పప్పులో కాలేసింది. ఇంట్లో ఉన్నది బియ్యప్పిండి. ఏ పిండైతే ఏముందిలే అని అదే కలిపింది. చిప్ప తీస్తే రొట్టె ఉబ్బలేదు సరికదా, మూకుడుకు కరుచుకుని రాయిలా కూర్చుంది.

లసుమవ్వ ఒక ముక్క తుంపి, పళ్లు లేని నోట్లో అటూ ఇటూ తిప్పింది. "సర్వపిండికి అక్కబిడ్డ లెక్కున్నదే ఇది. జర కారం ఏస్తె అయిపోవు."

పిల్లలు పడీపడీ నవ్వారు. ఐలయ్యకు సందు దొరికింది. "గడి రొట్టె గడిలనే ఉబ్బుతది. మిగిలినయన్న బుచ్చయ్యకియ్యి."

శంకరవ్వ ఆ మాట విననట్టే ఉండి, "రేపు పసుపు బస్తాల బండి తోలుకొని కోరుట్ల పోతున్నవు గదా, మైదపిండి పట్కరా" అంది.

"నేను తేను."

శనివారం పొద్దుగూకకముందే బండి తిరిగి వచ్చింది. "తేలేదు. యాదికిలేదు" అంటూ ఐలయ్య కాళ్లు కడుక్కున్నాడు. మొహం తుడుచుకుందామని నెత్తి రుమాలు విప్పితే దాంట్లోంచి కాగితం పొట్లం కిందపడింది. భుజాల నిండా మైదా! లసుమవ్వ అయితే, "నీ మొగడు దొంగతనానికి పనికిరాడే" అని ఒకటే నవ్వు.

ఐతారం తెల్లారింది. శంకరవ్వ కుండలో చెయ్యి పెట్టి తవుడంతా కెలికింది. ఆరు ఉండాల్సిన గుడ్లు నాలుగే తగిలాయి. "పిల్లి వడ్డట్టున్నది" అని తిట్టుకుంది కానీ ఆగలేదు. పక్కింటి సత్యవ్వ మేక పాలు చెంబుతో తెచ్చుకుంది. మైదా, ఉప్పు వేసి, చెయ్యి పడిపోయేదాకా గిలకొట్టింది. గడిలో నెయ్యి. ఇక్కడ పల్లినూనె. అయితేనేం?

మూకుడులో నూనె పొగ తేలుతుండగా అందరినీ కేకేసింది. "రాండ్రి, అందరు కూసోండ్రి. ఇది ఆగదు. తీసినంకనే తినాలె."

ఆ ఇంట్లో అలా ఎప్పుడూ జరగలేదు. మొదట ఐలయ్య, తర్వాత అత్త, తర్వాత పిల్లలు, అడుగున ఏమైనా మిగిలితే శంకరవ్వ. ఇవాళ అయిదు కంచాలూ ఒకే వరసలో పడ్డాయి.

"నువ్వు గూడ మాతోనే కూసుంటవా?" అన్నాడు ఐలయ్య వింతగా.

"మీరు తిన్నంక తినేటానికి అప్పటిదాక అది ఉబ్బి ఉంటదా?"

"సరే తీ, తలుపన్న పెట్టు."

"పెట్ట."

సర్రుమని పిండి పోసింది. చిప్ప బోర్లించింది. మీద బొగ్గులు పేర్చి, గడిలో కూర్చున్నట్టే విసనకర్ర పట్టుకుంది. కమ్మటి వాసన గడప దాటి వాడలోకి నడిచింది. పోశి చిప్ప ఎత్తబోతే చేతి మీద ఒక్కటి వేసింది. "నడుమల తీస్తె ఊపిరి పోతది దానికి!"

సరిగ్గా అప్పుడు వాకిట్లో మనిషి నీడ పడింది. బుచ్చయ్య. నెత్తిన గంప.

ఐలయ్య తల కంచం మీదికి దించేశాడు. శంకరవ్వ మాత్రం చీర కొంగు దోపుకుని లేచింది. మూడు రోజులుగా ఆమె ఈ జవాబు కోసమే మాటలు కూడబెట్టుకుంది. కానీ బుచ్చయ్య గుడ్ల ఊసే ఎత్తలేదు!

"ఏం వాసన కోడలా గిది? గడిల వాసన మీ ఇంట్ల అస్తున్నదేంది?"

"నిలబడు మామా, సూపిస్త" అని పట్టకారుతో చిప్ప ఎత్తింది.

అయ్యబాబోయ్, ఏం చెప్పాలి! మూకుడు పట్టక, అంచులు దాటి, ఒక పక్క కొంచెం వంకరగా, నిండు బంగారు తలపాగాలా లేచి కూర్చుని ఉంది! గౌరి చప్పట్లు కొట్టింది. లసుమవ్వ రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది. ఐలయ్య నోరు తెరిచాడు, మూయడం మరిచాడు.

"అరే, గడిల ఉబ్బే రొట్టె గాదె!" అన్నాడు బుచ్చయ్య.

"గడిది గాదు మామా. మా కోళ్లది."

అని ముక్కలు తుంచి కంచాల్లో వేసింది. ఆరో ముక్క మోదుగాకులో పెట్టి బుచ్చయ్య చేతికిచ్చింది. అతను గంప దించి గడప మీద కూలబడ్డాడు. నోట్లో పెట్టుకున్నాడు.

"ఎట్లున్నది మామా?"

"మీసాలు రానప్పటి సంది గుడ్లు మోస్తున్ననే కోడలా" అన్నాడు మెల్లగా. "గిది గిట్లుంటదని ఇయ్యాల ఎరుకైంది." వేళ్లు నాక్కుని లేచాడు. గంప వైపు చూశాడు కానీ ఎత్తుకోలేదు. "ఈడ్నే ఉండనియ్. ఎవలయి వాళ్లకిచ్చెయ్. గడిల అడిగితె కాళ్లు నొస్తున్నయని చెప్త."

"గంపల గుడ్లెక్కడియి మామా? అందరు ఇయ్యం అన్నరు గద?"

బుచ్చయ్య నవ్వాడు. "మీటింగుల ఇయ్యం అన్నరు. చీకట్ల ఇచ్చిండ్రు." గడిదారి కాకుండా తన ఇంటి దారి పట్టాడు.

ఇక చూడాలి వేడుక! శంకరవ్వ ఉన్న నాలుగు జతల పెంకులనూ బూడిదలో పూడ్చలేదు. వాకిలి ముందు ముళ్లకంచె కొసలకు ఒక్కొక్కటిగా గుచ్చింది. పొద్దుటెండకు తెల్లగా మెరిసిపోతున్న వాటిని చూసి వాడకట్టు అంతా అక్కడికే చేరింది. గంప బయటపెట్టి, "ఎవలయి వాళ్లు తీసుకపోండ్రి" అంది.

ముందు ఎవరూ కదల్లేదు. తర్వాత సత్యవ్వ దగ్గింది. "గా మచ్చల గుడ్డు... నా కోడిదే అనిపిస్తున్నది."

"నువ్వా సత్తెక్కా! రెండు చేతులు లేపితివి గాదె మీటింగుల?"

"ఒకటి మా అత్త బదులు లేపిన!" అంది సత్యవ్వ. జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వుతో సిగ్గు విడిచి ఒక్కొక్కరూ వచ్చి, నాది పొడుగుది, నాది ఎర్రది అంటూ ఏరుకుని వెళ్లారు. కాసేపటికి నాలుగైదు ఇళ్ల నుంచి నూనె సరసరలు వినబడ్డాయి.

గంప అడుగున రెండు మిగిలాయి. ఎంతసేపు చూసినా వాటి కోసం ఎవరూ రాలేదు. శంకరవ్వ వాటిని చేతిలోకి తీసుకుంది. చిన్నవి, ఒక కొస బాగా సన్నం. వాటికి ఇంకా తవుడు అంటుకుని ఉంది. ఆమె ఇంటి నల్లపెట్ట తప్ప ఊళ్లో ఏ కోడీ అలాంటివి పెట్టదు. బుచ్చయ్య గుడ్ల మాట ఎందుకు ఎత్తలేదో అప్పుడు అర్థమైంది. ఈ ఇంటి వాటా అతనికి పొద్దున్నే ముట్టింది!

తిరిగి చూసింది. ఐలయ్య గడప మీద కూర్చుని కాలి బొటనవేలితో మట్టి గీరుతున్నాడు.

"పిల్లి దొరికింది" అంది శంకరవ్వ.

"బయమైందే" అన్నాడు తలెత్తకుండానే. "మైద తెచ్చిన. గియ్యి గూడ ఇచ్చిన. రెండు నేనే జేసిన."

ఆమెకు కోపం రావాల్సింది. రాలేదు. భయపడుతూనే కోరుట్ల అంగట్లో మైదా అడిగిన మనిషి, రుమాలులో మూట కట్టిన మనిషి కళ్ల ముందు ఉన్నాడు. లోపలికి పోయి గిన్నె తెచ్చి అతని ఒళ్లో పెట్టింది. ఆ రెండు గుడ్లూ అంచుకు కొట్టి అందులో వేసింది.

"కొట్టు. నురగ తేలాలె."

"నేనా? వాకిట్లనా? అందరు సూస్తున్నరే!"

"అందుకే వాకిట్ల."

ఐలయ్య అటూ ఇటూ చూశాడు. కంచె అవతల సత్యవ్వ మొగుడు నిలబడి పళ్లికిలిస్తున్నాడు. ఐలయ్య గొంతు సవరించుకుని, మీటింగులో చెవి దాటి లేవని ఆ చేత్తోనే గిన్నె అదిరేలా గిలకొట్టడం మొదలుపెట్టాడు. శంకరవ్వ చిప్ప మీదికి కొత్త బొగ్గులు ఎత్తుకుంటూ, "గౌరీ, కంచాలు కడుగు" అని వీధి చివరిదాకా వినబడేలా కేక పెట్టింది.