ఎడమకాలి పట్టగొలుసు

కోరుట్లలో పెద్దక్క ఇంటికి వెళ్లేసరికి ఆమె ఎప్పటిలాగే చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఎడమకాలికి పట్టగొలుసు లేదు.

"బిగుసుకపోతుంటె మొన్న తీసిన తమ్మీ. నేను దొడ్డుగైతే గొలుసు పెద్దగైతదా?" అని నవ్వింది. అక్కకు యాభై నిండాయి, బరువు తొంభై కిలోలకు దగ్గర.

"మరి కుడికాలిది?"

"అది మంచిగనే ఉన్నది."

లావు ఒక్క కాలికే ఎట్లా వస్తుంది? పిక్క ముట్టుకుంటే వేడిగా, గట్టిగా ఉంది. కోడలు రెండు రోజులుగా నూనెతో మర్దన చేస్తోందట. ఆటో మాట్లాడి అప్పుడే జగిత్యాల తీసుకెళ్లాను.

స్కానింగ్‌లో కాలి రక్తనాళంలో రక్తం గడ్డ కట్టిందని తేలింది. అది కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుందని, ఇక మర్దన చేయొద్దని డాక్టరమ్మ చెప్పింది.

"ఏమన్న గోలీలు మింగుతున్నరా అమ్మా?"

"ఏం లేవు."

అలా అంటూ అక్క నా వైపు చూసింది. ఇన్నేళ్లూ పత్రిక కోసం జనాన్ని ప్రశ్నలడిగి బతికినవాణ్ని, ఆ చూపు మాత్రం నాకు అర్థం కాలేదు. డాక్టరమ్మకు అర్థమైంది.

"సార్, మీరు కొంచెం బయట కూసోండ్రి."

కాసేపటికి నన్ను పిలిచి చెప్పింది. అక్క పోచమ్మకు బోనం ఎత్తాలి. ఈ వయసులో నెలసరి ఎప్పుడొస్తుందో తెలియక, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని, దాన్ని ఆపే గోలీలు ఇరవై రోజులుగా మింగుతోందట. రోగానికి కాదు కనుక మందులే కావనుకుందో, తమ్ముడి ముందు చెప్పలేకపోయిందో. వయసు, బరువు, కదలకుండా గంటల తరబడి కూర్చోవడం, వాటికి ఈ గోలీలు తోడయ్యాయంది డాక్టరమ్మ. వాటిని ఆపించి, రక్తం గడ్డకట్టకుండా నెలల తరబడి వాడాల్సిన మందు రాసింది.

ఈ ఏడాది బోనాలకు ముందు మళ్లీ వెళ్లాను. సిరిసిల్లలో ఉండే చిన్నక్క కూడా వచ్చింది. ఆమెదీ అదే ఒళ్లు, దగ్గర దగ్గర అదే వయసు. నన్ను చూసి గొంతు తగ్గించింది.

"అక్కా, గా ఆపే గోలీల పేరేందే?"

పెద్దక్క గొంతు తగ్గించలేదు.

"గవి మింగే నేను చావుదాక పోయొచ్చిన. తమ్ముడు వింటే విననీ. ముట్టయితే బోనం నీ కోడలు ఎత్తుతది, పోచమ్మ ఏమనది."

చిన్నక్క సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దక్క చాట పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచింది.

"లే చెల్లె. డాక్టరమ్మ గంటకోసారి నడువుమన్నది. నువ్వు గూడ నడువు."

ఇద్దరూ వాకిట్లో ఆ చివరిదాకా నడిచి వచ్చారు.