రెండో గంజి

ఏడేళ్లుగా ఒక మాటను గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. అన్నం తింటాను, నవ్వుతాను, పండక్కి కొత్త చీర కట్టుకుంటాను. అది మాత్రం లోపలికి దిగదు, బయటికి రాదు. ఈ రోజు మీకు చెప్పేస్తాను. మీరెవరో నాకు తెలియదు, అదే నయం. ముందే ఒకటి చెబుతున్నాను, నన్ను ఓదార్చే పని మాత్రం పెట్టుకోకండి.

నేను పుట్టింది ఎమ్మిగనూరులో, మగ్గం ఉన్న ఇంట్లో. పెళ్లయ్యాక ఆదోనిలో ఉంటున్నాను. నా తమ్ముడికి పుట్టుకతోనే రక్తం గడ్డకట్టని జబ్బు. దెబ్బ తగలక్కర్లేదు, ఊరికే మోకాలి లోపల రక్తం కారి కుండలా వాస్తుంది. వాణ్ణి వెంటేసుకుని ఆసుపత్రుల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి ఆ జబ్బువాళ్ల మధ్యే నాకు ఉద్యోగం దొరికింది. వేరే రాష్ట్రంలోని ఒక పెద్దాసుపత్రిలో జన్యు చికిత్సను మనుషులకు ఇచ్చి చూస్తున్నారు. మా వైపు రోగులకు ఆ సంగతి తెలుగులో చెప్పి, వాళ్లు ఒప్పుకుంటే అక్కడికి తీసుకెళ్లడం నా పని.

వాళ్లలో లోపించిన జన్యువును, హాని చేయకుండా మార్చిన ఒక వైరస్‌లో పెట్టి, సెలైన్ ఎక్కించినట్టు నరంలోకి ఎక్కిస్తారు. అది కాలేయానికి చేరి, రక్తం గడ్డకట్టడానికి కావలసింది అక్కడే తయారు చేయిస్తుంది. కానీ ఒకసారి ఎక్కిందంటే ఒళ్లు ఆ వైరస్‌ను గుర్తు పెట్టుకుంటుంది. రెండోసారి వస్తే దాన్ని పని చేయనివ్వకుండా చంపేస్తుంది. అంటే మనిషికి ఒక్కటే అవకాశం. ముందు చేరినవాళ్లకు, ప్రమాదమేమైనా ఉందేమో చూడడానికి, చాలా తక్కువ మోతాదు ఇస్తారు. దాంతో జబ్బు నయమవుతుందని ఇచ్చేవాళ్లే అనుకోరు. తర్వాత చేరినవాళ్లకు అసలు మోతాదు. డాక్టరుగారు ఇది నాకు రెండుసార్లు చెప్పారు. చేరేవాడికి ముందు ఈ ముక్క అర్థం కావాలి, ఆ తర్వాతే వేలిముద్ర అన్నారు.

మా వైపు నుంచి అన్ని పరీక్షలూ దాటింది ఇద్దరు. ఒకడు నా తమ్ముడు, ఇంకొకడు ఈరన్న. ముందొకరు, తర్వాతొకరు. ఎవరు ముందో ఆ ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడమన్నారు. నేను కూర్చోబెట్టలేదు.

ఈరన్నది మా పుట్టింటి వీధే. గుంట మగ్గం మీద దుప్పట్లు నేస్తాడు. గుంటలో కాళ్లు పెట్టి చెక్కలు తొక్కే పని ఆ మోకాళ్లకు ఎంత శత్రువో మీకు చెప్పక్కర్లేదు. రెండు రోజులు నేస్తే నాలుగు రోజులు పడుకుంటాడు. ఎక్కడ పడి రక్తం పోతుందోనన్న భయంతో వాళ్లమ్మ వాణ్ణి బడికి పంపలేదు. చదవడం రాదు.

నేను వెళ్లిన పొద్దున వీధి పొడుగునా మగ్గానికెక్కించే పడుగు దారాలు సాగదీసి, అవి తెగకుండా కుంచెలతో గంజి పెడుతున్నారు. ఈరన్న అరుగు మీద కూర్చుని, మోకాలికి తడిగుడ్డ చుట్టుకుని చూస్తున్నాడు. నేను చికిత్స గురించి చెప్పాను. మొదట కొంచెమే ఇస్తారని కూడా చెప్పాను. అదైనా చెప్పానని ఇన్నాళ్లూ నన్ను నేను మెచ్చుకుంటూ వచ్చాను, ఎంత సిగ్గులేనిదాన్నో చూడండి. వాడు తెలివైనవాడు. అడగాల్సిందే అడిగాడు.

"కొంచెమే అంటాండావు గదక్కా. సాలకపోతే మల్లా ఎక్కిస్తారా?"

"పడుగుకు గంజి పల్సనైతే మీరేం జేస్తారప్పా?"

"ఆరినాంక ఇంగోసారి పెడతాం."

"ఇదీ అంతే."

వాడు నవ్వాడు. తన పని మాటల్లో చెప్పేసరికి ఇక అనుమానమే లేకపోయింది. వేలిముద్ర వేశాడు. సాక్షిగా పక్కింటాయన సంతకం పెట్టాడు. ఆయనకు కాగితం చదివి వినిపించింది నేనే, మళ్లీ ఎక్కించడం కుదరదన్న వాక్యం దాటేసి.

ఎదురుగా పడుగు కనిపించింది కాబట్టి ఆ గంజి మాట నోట్లోకి వచ్చేసిందని చాలాకాలం అనుకున్నాను. అది కూడా అబద్ధమే. ఆదోనిలో బస్సెక్కినప్పుడే సిద్ధం చేసుకున్నాను. నేతగాడికి ఏ మాట చెబితే నమ్ముతాడో నేతగాళ్ల ఇంట్లో పుట్టినదానికి తెలియదా?

ఆ పలచని మోతాదుకు నా తమ్ముణ్ణి పంపడం నాకిష్టం లేదు. అంతే. ఇంకే కారణమూ లేదు.

అక్కడ ఆసుపత్రిలో ఇంకో అడ్డంకి వచ్చింది. డాక్టరుగారికి తెలుగు రాదు. ఎక్కించే ముందు ఆయన నా వైపు తిరిగి, మళ్లీ ఎప్పటికీ ఎక్కించలేమని ఇతనికి తెలుసో లేదో అడగమన్నారు. నేను ఈరన్నను, నీకు ఇష్టమే కదా అని అడిగాను. వాడు తలూపాడు. తెలుసంటున్నాడు సార్ అన్నాను. ఆయన ఈరన్న భుజం తట్టారు. నా చేయి కూడా వణకలేదు. వణికి ఉంటే ఇప్పుడు రాసుకోవడానికి కొంచెం బాగుండేది.

కొన్ని నెలలు వాపులు తగ్గాయి. తర్వాత మొదటికొచ్చాయి. ఆలోపు నా తమ్ముడికి అసలు మోతాదు ఎక్కింది. వాడిప్పుడు మెట్లెక్కుతాడు, బండి నడుపుతాడు, ఆదోని పత్తి మార్కెట్టులో పని చేస్తూ మా మేడ మీదే ఉంటున్నాడు.

ఈరన్న కుంటుకుంటూ ఆదోని వచ్చాడు. నా ఎదురుగా కుర్చీలో కాలు చాపుకుని కూర్చున్నాడు.

"రెండో గంజి ఎప్పుడు పెడతారక్కా?"

అప్పుడైనా చెప్పొచ్చు కదా? కాళ్ల మీద పడొచ్చు కదా? నాకు కోపం వచ్చింది. నిజంగా, వాడి మీదే కోపం వచ్చింది. నా ముందుకొచ్చి ఆ కాలు చాపుకున్నందుకు.

"నీ రక్తమే మందును నిలుపుకోల్యా. మల్లా ఎక్కించినా దండగే. తప్పు నీ ఒంట్లో పెట్టుకోని నన్నేమడుగుతావు?"

వాడు తన ముంజేతిని తిప్పి, సూది గుచ్చిన చోటు చూసుకున్నాడు. తప్పు చేసినవాడిలా చూసుకున్నాడు. శ్రమ ఇచ్చినానక్కా అని చెప్పి లేచాడు. నేను తలెత్తలేదు.

నా తమ్ముడి పెళ్లికి ఒక దుప్పటి తెచ్చాడు. ఆ కాలితోనే నేశాడు. తన ఒంటికి రాసిపెట్టి లేకపోయినా తమ్ముడికి మందు పట్టిందని, అంతే చాలని మా అమ్మతో అన్నాడు. అమ్మ కళ్లు తుడుచుకుని వాడికి భోజనం పెట్టింది. ఆ దుప్పటి మడిచి పెట్టెలో పెట్టింది నేనే.

ఇప్పుడు అంతకన్నా మంచి మందు వస్తోంది, అదే వైరస్‌తో. మొన్న మా జాబితాలో ఈరన్న పేరు కొట్టేసి ఉంది. ఆ పలచని మోతాదు ఒంట్లోకి వెళ్లకపోయి ఉంటే మొదటి పేరు వాడిదే. కుడికాలు ఇక వంగడం లేదు. మగ్గం వాళ్లావిడ నేస్తోంది. వాడు గోడకానుకుని ఆమెకు నూలు కండెలు చుడుతున్నాడు. తన రక్తమే చెడ్డదని వీధిలో అందరికీ చెబుతున్నాడు.

ఆ పొద్దున మళ్లీ వస్తే నిజం చెబుతానా? తమ్ముడు మెట్లెక్కుతున్న చప్పుడు వింటూ రాస్తున్నాను ఇది. చెప్పను. మళ్లీ గంజి మాటే చెబుతాను.

ఎమ్మిగనూరు ఇక్కడికి గంట దారి. వెళ్లి ఆ అరుగు మీద కూర్చుని చెప్పొచ్చు. వెళ్లకుండా కాగితం మీద రాస్తున్నాను. ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది. వాడికి చదవడం రాదు. అది తెలిసే రాస్తున్నాను.

రాశాక గుండె తేలికైంది. వాడి మోకాలు అలాగే ఉంది.