గ్రేస్ పారెయ్యని నమూనా

"నీ బిడ్డ హైదరాబాదుల ఏం జేస్తది?" అని లింగాల ఘనపూర్‌లో ఎవరైనా అడిగితే, సరోజ "సైంటిస్టు" అని అక్కడికి మాట తుంచేసేది. దేని మీద పరిశోధనో చెప్పడానికి ఆమెకు సిగ్గు. కూతురు గ్రేస్‌కు ఆ సిగ్గు లేదు. "మగవాళ్ళ ప్రోస్టేట్ గ్రంథి మీద, దాన్ని నడిపే హార్మోన్ల మీద" అని బస్సులో పక్క సీటు వాళ్ళకైనా చెప్పేది.

గ్రేస్ కాలేజీలో ఉన్నప్పుడు వాళ్ళ తాతకు ఒంటేలు ఆగిపోయి, జనగామ దవాఖానలో గొట్టం వేయాల్సి వచ్చింది. చాలాకాలంగా ఆ బాధ పడుతూ కూడా ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పలేదని అప్పుడే తెలిసింది. వయసు మీద పడ్డ మగవాళ్ళలో ఇంత మామూలుగా వచ్చే ప్రోస్టేట్ వాపు గురించి ఎందుకు నోరు విప్పరు? ఆ ప్రశ్న పట్టుకునే ఆమె ఈ చదువులోకి వచ్చింది.

నిరుడు తన అధ్యయనాన్ని సొంతూరికే తెచ్చింది. యాభై దాటిన మగవాళ్ళ రక్తం కావాలి. అదీ పొద్దున్నే తీయాలి, పొద్దెక్కే కొద్దీ టెస్టోస్టెరాన్ తగ్గిపోతుంది గనక. ఆదివారం ప్రార్థన ముగిశాక చర్చి ముందు నిలబడి మాట్లాడింది.

"కండ్లు మసకైతె డాక్టరుకు చెప్తరు. మోకాళ్ళు నొస్తె చెప్తరు. ఒంటేలుకు రాత్రంత లేస్తుంటె ఎందుకు చెప్పరు? గది గూడ ఒంట్లనే ఉన్నది గద!"

ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో బిగువు సడలింది. మర్నాడు పొద్దున్నే చర్చివాళ్ళే కాదు, మిగతా వాడల వాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళలో వరి పండించే పోశాలు ఒకడు.

"గోలీలేమన్న మింగుతున్నవా మామా?" అని అడిగింది గ్రేస్.

"నాకేం రోగమమ్మా? ఎద్దు లెక్క ఉన్న!" అన్నాడతను, వరుసలో ఉన్న వాళ్ళందరికీ వినిపించేలా.

పరిశోధనశాలలో అతని రక్తం చిక్కు తెచ్చిపెట్టింది. ప్రోస్టేట్ జబ్బును పసిగట్టే పీఎస్ఏ మామూలుగానే ఉంది. టెస్టోస్టెరాన్ కూడా బాగానే ఉంది. కానీ ఆ టెస్టోస్టెరాన్ నుంచి తయారై ప్రోస్టేట్‌ను పెంచే డీహెచ్‌టీ అనే హార్మోను మాత్రం అడుగంటింది.

"నమూనా పాడైనట్టుంది మేడం. ఒక్కటే కదా, తీసేద్దాం" అన్నాడు తోటి పరిశోధకుడు నవీన్.

"అన్నీ ఒక్క డబ్బాలనే తెచ్చినం. ఇదొక్కటే ఎట్ల పాడైతది? మళ్ళ చెయ్" అంది గ్రేస్.

మళ్ళీ అదే ఫలితం. అప్పుడామెకు వెలిగింది. గ్రంథి వాపు తగ్గించడానికి ఇచ్చే ఒక రకం గోలీ సరిగ్గా ఈ పనే చేస్తుంది. నెలల తరబడి వాడితే పీఎస్ఏను కూడా సుమారు సగానికి దించుతుంది. అంటే, పోశాలు విషయంలో మామూలుగా కనిపించిన అంకెను రెట్టింపు చేసుకొని చూడాలి. అలా చూస్తే అది ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ.

ఆ వారమే ఊరికి వచ్చింది. బర్లకు గడ్డి వేస్తున్న పోశాలును పక్కకు పిలిచింది.

"మామా, గోలీ ఎన్నేండ్ల సంది మింగుతున్నవు?"

"ఏం గోలీ? ఎవలు చెప్పిండ్రు? మా ఇంటిది లచ్చవ్వ గిట్ల చూసిందా?"

"అత్తేం చెప్పలె. నీ నెత్తురు చూస్తె నాకే సమజైంది."

పోశాలు ఇంటివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "మూడేండ్లాయె బిడ్డా. హన్మకొండల డాక్టరు రాసిండు. గా గోలీ మింగితె మగతనం పోతదని అంటరు. ఊర్ల తెలిస్తె నవ్వుతరని..."

"నవ్వితె నవ్వనీ. గోలీ మంచిదే, మింగుడు గూడ తప్పు కాదు. దాచుడే పరేషాన్ చేసింది. ఇంకో పరీక్ష చెయ్యాలె, నేనే తోల్కపోత."

"క్యాన్సరా?"

"కావచ్చు, కాకపోవచ్చు. అయినా గూడ గిప్పుడు పట్టుకుంటె నయమైతది."

క్యాన్సరే. కానీ గ్రంథి దాటి బయటికి పోలేదు. విషయం తెలిసి లచ్చవ్వ మొదట ఏడవలేదు, మండిపడింది. "మూడేండ్లు నా పక్కన పండుకుంట నాకే చెప్పకపోతివి!" అంది. ఆ తర్వాత హైదరాబాదు దవాఖానలో ఆపరేషన్ అయి అతను లేచి కూర్చునేదాకా అతని మంచం పక్కనుంచి కదలలేదు. కొన్ని వారాలు మూత్రం ఆగక పోశాలు ఇబ్బంది పడ్డాడు. తర్వాత అదీ కుదుటపడింది. నాట్ల నాటికి మళ్ళీ పొలంలో దిగాడు.

ఆ అనుభవంతో గ్రేస్ తన పద్ధతి మార్చింది. గోలీల సంగతి ఇప్పుడు వరుసలో అడగదు. ఒక్కొక్కరిని లోపలికి పిలిచి, తలుపు దగ్గరికేసి అడుగుతుంది. అట్లా అడిగితే చెప్పేవాళ్ళు చాలామందే బయటపడుతున్నారు.

మొన్న ఆమె తొర్రూరులో శిబిరం పెడితే పోశాలు తనంతట తనే బస్సెక్కి వచ్చాడు. గ్రేస్ మాట్లాడబోయే ముందే లేచి నిలబడ్డాడు.

"నాకు ఆపరేషన్ అయింది. మంచిగున్న. ఏమడుగుతరో అడుగుండ్రి, సిగ్గుపడకుండ్రి" అన్నాడు.

వెనక వరుసలోంచి ఒక పెద్దాయన మెల్లగా చెయ్యెత్తాడు.