కాకి ముట్టని విస్తరి

పెద్దల అమావాస్య నాడు పొద్దున మా పెరటి గోడ మీద కాకిని చంపింది నేను. ఈ సంగతి ఇరవై ఏళ్లపాటు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం వల్ల మా పిన్నికి ఏం జరిగిందో రాయడానికే ఇది మొదలుపెట్టాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. నేను నెల్లూరులో కాలేజీ చదువు వెలగబెడుతున్నాను. ఉదయగిరి నుంచి ఇద్దరు స్నేహితులు ముందురోజు సాయంత్రం బస్సులో మా ఊరు ఆత్మకూరు వచ్చారు. ఒకడు మా ఇంటికని రెండు చెక్క గరిటెలు తెచ్చాడు. రెండోవాడు కొండ మీద పావురాళ్లను కొట్టే ఎయిర్ గన్ను తెచ్చాడు. గరిటెలు పిన్నికిచ్చి, గన్ను మేం ఉంచుకున్నాం.

మా అమ్మ పోయి అప్పటికి నాలుగేళ్లు. నాయన పిన్నిని చేసుకుని ఏడాదిన్నర. అంతకుముందేడు దాకా అమ్మకు పెట్టే వంట చేజర్ల నుంచి మేనత్త వచ్చి చేసిపోయేది. ఆ ఏడు తాను చేస్తానని పిన్ని అడిగింది. ఒప్పుకోవడానికి మా అవ్వ, అంటే నాయన తల్లి, మూడు రోజులు తీసుకుంది. పిన్ని అమ్మను ఎప్పుడూ చూడలేదు. అమ్మకు ఏవి ఇష్టమో నన్నే అడిగింది. అలసంద వడలు, గోంగూర పచ్చడి, బెల్లం పరమాన్నం అని చెప్పాను. పులుసులో ఉప్పు ఎంత వేసేదని కూడా అడిగింది. తెలియదన్నాను. ఆ రోజు తెల్లవారకముందే తలకు పోసుకుని, మంచినీళ్లయినా ముట్టకుండా పొయ్యి రాజేసింది.

మేం ముగ్గురం పెరట్లో ఉన్నాం. వాళ్లు నా చేతికి గన్నిచ్చి, నీకు గురి కుదరదన్నారు. కుదిరింది. చచ్చిన కాకిని గడ్డివామి వెనక పడేశాం. కాసేపటికి ఊళ్లో ఉన్న కాకులన్నీ మా వేపచెట్టు మీద చేరి గోల పెట్టాయి. అవ్వ బయటికొచ్చి చూసి, ఈసారి పెద్దలు తొందరగా వచ్చారని సంతోషించింది.

మధ్యాహ్నానికి ఒక్క కాకి లేదు.

పెద్దలకు పెట్టిన విస్తరి కాకి ముట్టాకే ఇంట్లోవాళ్లు తినాలి. ముట్టకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో కొరత ఉందని అర్థం. అదేమిటో ఊహించి, తీరుస్తామని పైకి మాట ఇవ్వాలి. నాయన గోడ మీది విస్తరి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చెరువు కింది మడి అమ్మనన్నాడు. నన్ను బి.ఏ. దాకా చదివిస్తానన్నాడు. కొంచెం ఆగి, చుట్ట మానేస్తానన్నాడు. అయినా కాకి రాలేదు.

పొద్దు వాలింది. అతిథులు ఆకలితో ఉన్నారు. అవ్వ మొదట కొత్త గరిటెలను అనుమానించింది. అవి తెచ్చినవాడు తల వంచుకున్నాడు. తర్వాత ఆమె గరిటె పట్టిన చేతి దగ్గరికి వచ్చింది.

"దీని చేతి కూడు నా కోడలికి వద్దంట. ఇంకేం రుజువు కావాల్రా నీకు?" అని నాయనను అడిగింది.

పిన్ని వంటింటి గడప దగ్గరే నిలబడి ఉంది. విన్నది. లోపలికి పోయింది.

గన్ను తెచ్చిన స్నేహితుడు నన్ను గడ్డివామి చాటుకు లాక్కుపోయాడు.

"చెప్పెయ్‌రా. ఆమెనంటా ఉండారు."

"గమ్మునుండు. నాయన తోలు తీస్తాడు."

"తీస్తే తీయనీ. నీ తోలే గదా."

నేను చెప్పలేదు. తమ ఇల్లు కాదు కనుక వాళ్లూ చెప్పలేదు. చివరికి విస్తరి ఆవుకు పెట్టి భోజనాలకు కూర్చున్నాం. వడలు బాగున్నాయి. నేను ఆరు తిన్నాను. పిన్ని తినలేదు.

మరుసటేటి నుంచి ఆ వంటకు మళ్లీ మేనత్తే వచ్చింది. ఆ పూట పిన్ని వంటింట్లోకి రాకూడదు. పశువుల కొట్టంలో కూర్చునేది. మిగతా రోజులన్నీ మేం ఆమె వండిందే తిన్నాం. దానికి అవ్వ అభ్యంతరం చెప్పలేదు. అవ్వ పోయాక అవ్వకూ అత్తే వండి పెట్టింది. నేను ఉద్యోగంలో చేరి, పెళ్లి చేసుకుని, ఏటా ఆ రోజుకు వచ్చి, కొట్టం వైపు చూడకుండా తిని పోయేవాణ్ని.

తర్వాత నాయన పోయాడు. ఏడాది తిరిగాక వచ్చిన పెద్దల అమావాస్యకు రెండు రోజులు ముందే ఊరికి వెళ్లాను. పిన్ని చేటలో కందిపప్పు ఏరుతోంది.

"మీ అత్తకి కబురు పెట్టు అబ్బయ్యా. మీ నాయనకి కందిపొడి అంటే ప్రాణం. మరిచిపోకుండా చెయ్యమని చెప్పు" అంది.

నాయనకైనా నువ్వు చేయకూడదా అన్నాను.

"నా చెయ్యి పనికిరాదు గదయ్యా" అంది. ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినట్టే చెప్పింది.

అప్పుడు కాకి, గన్ను, గడ్డివామి, అన్నీ చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"అయితే మీ అమ్మకి నా మీద కోపం లేదంటావా?" అని అడిగింది.

"లేదు. కాకుల్ని తరిమింది నేను. అవ్వ నిన్ను అంటా ఉంటే వింటా నిలబడినాను. ఇన్నేళ్లు నిన్ను కొట్టంలో కూర్చోబెట్టింది నేనే. తప్పు చేసినాను పిన్నీ. మన్నించు."