గులాబీ టబ్బు, నీలం ఫోన్

చేవెళ్ల బస్టాండు వైపు వెళ్లాల్సి వస్తే నేను ఇప్పటికీ చున్నీ ముఖం మీదికి లాక్కుంటాను. ఎండకు అనుకునేరు, కాదు. ఆ పక్క సందులో ఒక ఫోన్ల దుకాణం ఉంది. అందులో నేను చేసిన ఘనకార్యం విన్నాక మీరు కూడా నేనెవరో తెలియనట్టు పక్కనుంచి వెళ్లిపోతారు. అయినా చెప్తాను. పాప ఇప్పుడే పడుకుంది, మళ్లీ లేచేలోపు చెప్పేయాలి.

అప్పుడు నా సెలవు అయిపోయింది. సోమవారం నుంచి అజీజ్‌నగర్‌లోని రిసార్టు ఆఫీసుకు తిరిగి వెళ్లాలి. పాలు మానేసిన పాప మొయినాబాద్‌లో ఇంట్లోనే, మా అత్తమ్మ దగ్గర ఉంటుంది. అత్తమ్మ ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి, ఆమె మీద అనుమానం లేదు. అనుమానమంతా నా గుండె మీదే. పాప తుమ్మితే నాకు దవాఖాన గుర్తొస్తుంది. తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదా అని నెట్‌లో వెతుకుతాను. అత్తమ్మది బటన్ల ఫోన్. అందుకని ఉయ్యాలకు ఎదురుగా ఒక వీడియో ఫోన్ పెట్టించి, ఆఫీసు కుర్చీలోంచి పాపను చూసుకోవాలని నా పథకం. కొత్తది కొనే స్తోమత లేదు. బాగుచేసి అమ్మే పాత ఫోన్ చూద్దామనుకున్నాను.

అంతే, మోసాల వీడియోలు చూడటం మొదలుపెట్టాను. దొంగ ఫోన్లు, నకిలీ బ్యాటరీలు, పెట్టెలో సబ్బు పెట్టి పంపినవాళ్లు. వారం తిరిగేసరికి మా పాలాయన కూడా నాకు ముఠా నాయకుడిలా కనిపించాడు.

"గంత భయమైతే కొనకు," అన్నది అత్తమ్మ.

"కొనకపోతే పాప ఎట్ల కనిపిస్తది అత్తమ్మా?"

"పొద్దుగూకి ఇంటికొస్తవు గద, కనిపిస్తది."

నన్ను మోసం చేయడం ఎవరి తరం కాదని మాత్రం గట్టి నమ్మకం. దానికి రుజువు మా బాత్రూంలోనే ఉంది, గులాబీ రంగు టబ్బు. పాత ఫోన్లు, పాడైన ఫోన్లు తీసుకుని ప్లాస్టిక్ సామాన్లు ఇస్తామని మైకు పెట్టుకుని మా వీధుల్లో బండి తిరుగుతుంది. మీ వీధిలోనూ తిరుగుతుంది, చెవులు మూసుకున్నా వినపడుతుంది. నీళ్ల బకెట్లో పడి చచ్చిపోయిన నా నల్ల ఫోన్‌కు ఆ టబ్బులాయన ఒక మగ్గు ఇస్తానన్నాడు. మగ్గా! బండి వెంట వీధి చివరిదాకా నడుస్తూ వాదించి టబ్బు లాగాను, దానిమీద మగ్గు కూడా లాగాను. పాప రోజూ అందులోనే స్నానం చేస్తుంది. అంత గడుసుదాన్ని నేను.

శనివారం పాపను ఎత్తుకుని, అత్తమ్మను వెంటబెట్టుకుని చేవెళ్ల వెళ్లాను. దుకాణం అన్న యాలక్కాయ నములుతూ ఎదురొచ్చాడు. నా పాత ఫోన్ మోడలే కావాలన్నాను. నీళ్లలో పడేదాకా అది నన్ను ఏనాడూ ఇబ్బంది పెట్టలేదు మరి. నీలం రంగుది తీసి చేతిలో పెట్టాడు.

"అన్నా, ఇది దొంగ ఫోన్ గాదు గద?"

"గట్ల అడిగితె దొంగోడు మాత్రం అవునంటడా అక్కా?"

ఈ జవాబుతో నా అనుమానం రెట్టింపైంది. ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే ఐఎంఈఐ నంబరు బయటికి రప్పించి, ప్రభుత్వ సైటులో వెతికాను. పోయిన ఫోన్ల జాబితాలో లేదు. ముందు కెమెరాతో అత్తమ్మను, వెనుక కెమెరాతో ఆయన్ను ఫొటో తీశాను. మైకు కోసం అత్తమ్మతో జోలపాట పాడించాను. చార్జింగ్ పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను. ఎండలో అద్దం వంచి చూశాను. చివరకు వాసన కూడా చూశాను. ఎందుకు చూశానో నన్నడగకండి.

"అక్కా, ఫోన్ కొంటున్నవా, దానికి పిల్లనిస్తున్నవా?" అన్నాడాయన.

ఆ నంబరు వేసి, ముద్ర కొట్టి బిల్లు ఇమ్మన్నాను. ఇచ్చాడు. ఇంక ఒక్క పరీక్ష మిగిలింది. డబ్బులిచ్చే ముందే, అమ్మేవాడి ఎదురుగా ఫోన్‌ను మొత్తం చెరిపి మళ్లీ తెరిచి చూడాలి. సరిగ్గా అప్పుడే పాప ఏడుపు అందుకుంది. చేవెళ్ల అంతా వినపడేలా. నేను డబ్బులిచ్చి బయటపడ్డాను.

ఆ చెరిపే పని ఇంటికొచ్చాక చేశాను, వీడియోలో చూపినట్టు పక్క బటన్లు నొక్కిపెట్టి. ఫోన్ ఆరింది, వెలిగింది, ఇంతకుముందు వాడినవాళ్ల పాత పాటర్న్ చుక్కలు కలుపుతూ గీయమంది. తాళం! అంటే ఇది ఎవరిదో ఫోన్. అంటే దొంగ సొమ్ము. అంటే సోమవారం పాప నాకు కనిపించదు. ఆ రాత్రి అన్నం ఏ కూరతో తిన్నానో తెలియదు.

ఆదివారం పొద్దున్నే పాపతో, అత్తమ్మతో మళ్లీ చేవెళ్లలో దిగాను. దుకాణం షట్టరుతో పాటే నా గొంతు కూడా లేచింది.

"దొంగ ఫోన్ అంటగట్టినవ్ నాకు!"

"అక్కా, జర మెల్లగ. గిరాకి నిలవడ్డది."

"నిలవడనీ! ఎవరి ఫోనో ఏమో, ఆ తల్లి ఎంతగనం ఏడుస్తున్నదో!"

"నేను పైసలిచ్చి కొన్న ఫోనే అక్కా. లాక్ ఉంటె సాఫ్ట్‌వేర్ ఏసి తీసిన. నువ్వు మొత్తం చెరిపితివి, మల్ల పడ్డది."

"అంటే లాక్ ఉన్నదని తెలిసే అమ్మినవ్!"

జనం చేరారు. మార్కెట్‌కు బంతిపూల మూటలు తెచ్చిన రైతులు, ఇద్దరు ఆటో అన్నలు. వినేవాళ్లుంటే నాకు మాటలు బాగా వస్తాయని ఆరోజే తెలిసింది.

"పోలీసోళ్లకు చెప్పమ్మా," అన్నాడు ఒక ఆటో అన్న.

"చెప్త! ఓనర్‌ను గూడ పిలిపిస్త! ఆమె కాళ్లు మొక్కి ఫోన్ ఆమె చేతిల పెడత!" అని ఫోన్‌ను అందరికీ కనపడేలా ఎత్తాను. "చూడుండ్రి, మీరే చూడుండ్రి! ఏం గీసినా తెరుచుకోదు!"

అని గీశాను. కోపంలో ఉన్న వేలు ఆలోచించదు, తనకు వచ్చింది గీసేస్తుంది.

ఫోన్ తెరుచుకుంది.

పాప ఒక్కతే చప్పట్లు కొట్టింది.

"తెరుచుకున్నది గదక్కా," అన్నాడు దుకాణం అన్న, చాలా నెమ్మదిగా.

అత్తమ్మ నా భుజం మీంచి తొంగిచూసింది. "గది నువ్వు రోజు వాకిట్ల ఏసే చుక్కల ముగ్గు గాదె?"

అవును. మా అమ్మ నేర్పిన ముగ్గు. నేను వాడిన ప్రతి ఫోన్‌కూ అదే పాటర్న్.

"అన్నా... ఈ ఫోన్ యాడికెల్లి వచ్చింది నీకు?"

"మొయినాబాద్ టబ్బులాయన తెచ్చిండు. నీళ్లల్ల పడి సచ్చిన నల్ల ఫోన్. కడిగి ఆరబెట్టిన, బ్యాటరీ, అద్దం కొత్తయి ఏసిన, ఎనుక మూత నీలంది ఏసిన."

చచ్చిన ఫోనే కదా, దాని లోపల నా ఖాతా ఉంటే ఎంత, లేకపోతే ఎంత అనుకుని ఇచ్చేశాను. అది చావలేదు. తాళం వేసింది నేను, పారేసింది నేను, కొన్నది నేను, దొంగ సొమ్మని అరిచిందీ నేనే.

"ఓనర్‌ను పిలిపిస్తనంటివి గదమ్మా," అన్నాడు ఆటో అన్న. "జల్ది పిలిపియ్యి. కాళ్లు గూడ మొక్కేదున్నది."

దుకాణం అన్న తల గోక్కున్నాడు. "లాక్ సంగతి ముందుగాల చెప్పకపోవుడు నా తప్పే. వాపస్ తీసుకోమంటవా అక్కా?"

"నా ఫోన్ నీకెందుకిస్త?" అన్నాను.

ఆయన అద్దానికి కొత్త స్క్రీన్‌గార్డు పైసలు తీసుకోకుండా అంటించి ఇచ్చాడు. "ఇగ జన్మల లాక్ ఉన్న ఫోన్ కొననక్కా. ఓనర్లు శానా గట్టిగున్నరు."

సోమవారం ఆఫీసులోంచి వీడియో కాల్ చేశాను. ముందు అత్తమ్మ గడ్డం వచ్చింది, తర్వాత చాలాసేపు సీలింగ్ ఫ్యాను. చివరకు పాప కనిపించింది. గులాబీ టబ్బులో కూర్చుని మగ్గుతో నీళ్లు కొడుతూ నవ్వుతోంది. ఏ ఫోన్ ఇచ్చి ఆ టబ్బు తెచ్చానో, అదే ఫోన్ ఆ టబ్బును నాకు చూపిస్తోంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పక్క కుర్చీ ఆవిడ నీళ్ల సీసా అందించింది.

కాబట్టి ఆ గులాబీ టబ్బు అంచు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పాత ఫోన్ కొన్నా, పాప ఏడ్చినా, అత్తమ్మ ఏడ్చినా, దుకాణంలోనే చెరిపి, తెరిచి చూశాకే డబ్బులు తీస్తాను. మా ఇంట్లోంచి ఏ ఫోన్ బయటికి పోవాలన్నా, ముందు నా ఖాతా తీసేసి అందులోంచి నేను బయటికి రావాలి. ఇక ఆ ముగ్గును చేవెళ్ల బజారంతా చూసేసింది కనుక దాన్ని మార్చేశాను, ఫోన్‌లోనూ, వాకిట్లోనూ.