స్వాగతం కింద తలకిందులైన ఊరు

మొన్న జూన్‌లో మా కూతురు మూడు చరిత్ర పుస్తకాలు తెచ్చి మంచం మీద పరిచింది. మనుమరాలికి పదకొండేళ్ళు. కాలికి ఆపరేషన్ అయింది. మెట్లెక్కే బడికి ఏడాది దాకా పంపొద్దని హనుమకొండ దవాఖానలో చెప్పారు. అందుకని ఇంటి దగ్గరే చదివించి, వచ్చే ఏడు పరీక్ష రాయించి మళ్ళీ బడిలో వేద్దామని కూతురి ఆలోచన.

"లెక్కలు, సైన్సు నేను ఆఫీసు నుంచి వచ్చినంక చెప్త. చరిత్ర మాత్రం పగటిపూట నువ్వు చెప్పాలె అమ్మా. ఈ మూడింట్ల ఏది బాగుందో నువ్వే చూడు," అన్నది.

యాభై మూడేళ్ళకు అక్షరాలు నేర్చుకున్న మనిషిని. ఒకరికి పాఠం చెప్పమని నన్నడగడం అదే మొదటిసారి. లోపల పొంగిపోయాను.

"చదవగలవు గదా? కష్టమైతే చెప్పు, ఫోన్ల ఆన్‌లైన్ క్లాసు పెట్టిస్త."

"చదువుత తియ్," అన్నాను.

ఆమె ఆఫీసుకు పోయాక పుస్తకాలు ముందేసుకున్నాను. ఒకటి సర్కారు బడి పుస్తకం. అందులో సగం చదివేసిందట పిల్ల. రెండోది లావుది. నిండా పటాలు, చీమల బారు లాంటి అక్షరాలు. ఒత్తు కింద ఒత్తు వచ్చిన చోట నా వేలు ఆగిపోయింది. మూడోదాంట్లో అక్షరాలు శనగ గింజలంత ఉన్నాయి, పేజీకి ఒక బొమ్మ. ఒక్క పేజీ ఆగకుండా చదివాను. ఇంక చూడలేదు.

"ఇదే మంచిగుంది, బొమ్మలున్నయి," అని సాయంత్రం కూతురికి చెప్పాను.

మరునాడు మొదటి పాఠం. నేను రెండో వాక్యంలో ఉండగానే పిల్ల పేజీ చివరికి పోయి కూర్చుంది.

"అమ్మమ్మా, ఇది చిన్నపిల్లలది. రాజు వచ్చిండు, కోట కట్టించిండు, అయిపాయె. ఆ రాళ్ళు ఎవరు మోసిండ్రు? ఎన్ని రోజులు మోసిండ్రు? ఏం లేదు ఇండ్ల."

"నీకు కష్టం కావద్దని తీసిన బిడ్డా."

"నాకా, నీకా?"

నవ్వుతూనే అన్నది. కాని నాకు ముఖం ఎత్తబుద్ధి కాలేదు. ఎందుకంటే ఆ అబద్ధం నాకు కొత్త కాదు.

మా నేతవాళ్ళ కొత్తవాడలో ముప్పై ఏళ్ళు నేల మీద పరిచే జంపఖానాలు నేశాను. అక్షరాలు రాకముందే అక్షరాలు నేసిన చేతులు ఇవి. పెళ్ళిళ్ళకు, బళ్ళకు 'స్వాగతం' అని నేయమనేవాళ్ళు. గళ్ళ కాగితం మీద గీసిచ్చేవాళ్ళు. ఒక గడికి ఇన్ని పోగులని లెక్క. ఇక్కడ ఎర్రనూలు, ఇక్కడ తెల్లనూలు, అంతే. ఆ ఐదారు వంకరలు నా వేళ్ళకు ఎంత అలవాటంటే, తర్వాత వాడలో ఆడవాళ్ళ చదువు తరగతిలో పలక మీద ఆ మాట రాస్తే, చదవడం కాదు, గుర్తుపట్టాను. ఊరికి పోయిన చుట్టం ఎదురైనట్టు.

అంతకు ఎన్నో ఏళ్ళ ముందు, కేసముద్రం అనే ఊళ్ళోని ఒక బడికి జంపఖానా నేయాల్సి వచ్చింది. పైన స్వాగతం, కింద ఊరి పేరు. నూలు ఇచ్చి పని చేయించే ఆసామి రెండు కాగితాలు చేతిలో పెట్టాడు.

"ఏది మీద, ఏది కింద ఎరుకేనా వదినా?"

"నాకెరుక లేకనా!" అన్నాను. స్వాగతం నాకు తెలుసు. ఊరి పేరు కొత్తది. ఆ కాగితం ఎటు పట్టుకోవాలో అడిగితే, ఇన్నేళ్ళు నేసి ఇదీ తెల్వదా అంటాడని భయం.

పది రోజులు నేశాను. మగ్గం మీది నుంచి కోసి పరిచిన పొద్దున, ఆరో తరగతి చదివే మా కూతురు బడి సంచితో గడపలో నిలబడి చూసింది.

"అమ్మా, కేసముద్రం తలకిందులైంది."

నేను ముందు చేసిన పని జంపఖానాను బోర్లా తిప్పడం. రెండు దిక్కులూ వాడుకునే బట్ట కదా, అటు సక్కగుంటుందేమోనని. ఎట్లా ఉంటుంది! పిల్ల నవ్వలేదు. నా పక్కన కూర్చుని దాని అంచు సవరించింది.

ఆసామి దాన్ని తీసుకోలేదు. మళ్ళీ నేశాను. ఈసారి బడి నుంచి రాగానే కూతురు మగ్గం గుంట పక్కన గొంతుక్కూర్చుని, కాగితం పట్టుకుని, "ఇటే అమ్మా, ఇటే," అంటుండేది. జామకాయ కొరుకుతూ ఒక చేత్తో పట్టుకునేది. కాగితం మీద పడ్డ ఆ జామ గింజలు, మగ్గం చప్పుడు, ఆ పిల్ల గొంతు... ఊరి పేరు నేసిన ఆ నాలుగు సాయంత్రాలు ఇప్పటికీ నాకు చెవుల్లో ఉన్నాయి.

ఇదంతా మనుమరాలికి చెప్పాను. ఆసామి తీసుకోని ఆ పాత జంపఖానాను పరుపు కింద నుంచి లాగి పరిచాను. పిల్ల ఊతకర్ర పక్కన పెట్టి, కాలు చాపుకుని, ఈ వైపు కూర్చుని ఒక మాట, ఆ వైపు జరిగి ఒక మాట చదివింది.

"అమ్మమ్మా, అప్పుడే అడిగితే ఏమైతుండె?"

"ఏం గాకపోతుండె."

"మరి ఇప్పుడు?"

సాయంత్రం కూతురు చెప్పులు విడవకముందే చెప్పేశాను. "ఆ పెద్దక్షరాల బుక్కు నా కోసం తీసుకున్ననే. దానికి లావుదే కావాలె. అది నాకు రాదు. నువ్వు ఫోన్ల క్లాసే పెట్టు."

కూతురు నా దిక్కు చూసింది, నేల మీద పరిచి ఉన్న జంపఖానాను చూసింది. మనుమరాలే అందుకుంది.

"క్లాసు వద్దు మమ్మీ. లావుది నేను చదువుత, అమ్మమ్మ వేలు పెడ్తది. ఆమెకు ఆగిన కాడ నేను చెప్త, నాకు తెల్వని కాడ ఆమె చెప్తది. రాళ్ళెట్ల మోస్తరో ఆమెకు ఎరుకనట."

"ఎరుకనా అమ్మా?"

"మా నాయన మోసిండు," అన్నాను.

మూడు రోజులకు మొదటి పేజీ దాటాం. నాలుగో రోజు కూతురు టిఫిన్ డబ్బా సర్దుకుంటూ, "ఇట్ల నడిస్తే ఏడాదికి ఎన్ని పేజీలైతయే?" అని ఎగతాళి చేసింది.

"పోవే నువ్వు, ఆఫీసుకు లేటైతది," అన్నాను, వేలు పేజీ మీద నుంచి తీయకుండా.