ఆవగింజంత ముక్క

చోడవరం కాంప్లెక్స్‌లో విశాఖ బస్సెక్కాక, పక్క సీట్లోని పెద్దావిడకు నా పొట్లంలోంచి ఒక బన్ను అందించాను. ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుని ఫక్కున నవ్వింది.

"వొద్దు బాబూ. ఇలాటివే తినిపించి ఆరేళ్ళు నన్ను సంపీసేరు."

ఏం తిన్నా విరేచనాలేనట. మనిషి ఎముకల గూడైపోయిందట.

"అరగదని అన్నం మానిపించీసి గోధుమ రొట్టెలు పెట్టేరు. కేన్సరే అనుకుని సూడ్డానికొచ్చినోళ్ళందరూ బ్రెడ్డు పేకెట్లు తెచ్చేరు. అవి తినీసి ఇంకా సిక్కిపోయేను."

చివరికి విశాఖలో ఒక డాక్టరమ్మ నోట్లోంచి గొట్టం దింపి, చిన్నపేగులో ముక్క తీసి బయాప్సీకి పంపిందట.

"ఆవగింజంత ముక్క బాబూ! నాకు గోధుమ పడదని అదే సెప్పింది. మా బుచ్చయ్యపేటలో అలాటి జబ్బు ఎవులూ ఇన్లేదు."

అంటూనే స్టీలు డబ్బా తెరిచింది. పెరుగన్నం, మాగాయ ముక్క. బస్సు ఎంత కుదిపినా ఒక్క మెతుకు కింద పడనివ్వలేదు. ఆఖరి ముద్ద జెండాలా పైకెత్తి నాకు చూపించింది.

"సూడు! ఇప్పుడు సెరుకు మోపులెత్తుతన్నాను."

ఇప్పటికీ ఎవరినైనా పరామర్శించడానికి వెళుతూ బేకరీ ముందు ఆగుతాను. ఆ ముద్ద గుర్తొస్తుంది. ముందు ఫోన్ చేసి, మీకేం పడుతుందని అడుగుతాను.